రాజేశం గోళీల సంగతి

ఇన్నేళ్లూ ఒక మాటను గొంతులో అదిమిపెట్టుకునే కథలు చెబుతూ వచ్చాను. తాపీ నదిలో మొసలికి పాన్ తినిపించానని మా సాంచాల కార్ఖానాలో, అదే మరమగ్గాల షెడ్డులో, అందరినీ నవ్వించినవాణ్ణి. అబద్ధం నాకు కొత్త కాదు. ఈ ఒక్కటి వేరు. మీకే చెబుతున్నాను, నా పేరు అడగకండి.

రాజేశం నా పక్క సాంచాలు నడిపేవాడు. అలసట ఎరగడు. మేమంతా తినే మెస్సులోకి అతను వస్తే నా కథ సగంలో ఆగేది, అందరూ జరిగి చోటిచ్చేవారు. ఊరి నుంచి మా ఆవిడ ఫోన్ చేసినా ముందు అతని క్షేమమే అడిగేది. పాన్ డబ్బా కొట్లో చాటుగా అమ్మే, మత్తుండే నొప్పి గోళీలు ఏళ్ల తరబడి చాయ్‌తో మింగి అతను అలా నిలబడుతున్నాడని నాకొక్కడికే తెలుసు.

లాక్‌డౌన్ ఎత్తేసి సాంచాలు మళ్లీ తిరిగిన రోజుల్లో, బెల్టులో పడి అతని చెయ్యి విరిగింది. కరోనా వల్ల ఆసుపత్రిలో తోడుగా ఒక్కరినే ఉండనిచ్చారు. అతను నన్నే కోరుకున్నాడు. ఆపరేషన్‌కు తీసుకెళ్తుంటే మాస్కు కిందికి లాగాడు.

"అన్నా, గోళీల ముచ్చట డాక్టర్‌సాబుకు నువ్వే చెప్పు. నాకు షరమైతాంది."

"ఫికర్ చెయ్యకు తమ్మీ, నేనున్న గద."

మత్తు దిగాక కేకలు మొదలయ్యాయి. సూది వేసినా ఆగలేదు. డాక్టరు బయటికొచ్చి, రోజూ నొప్పి మందులేమైనా వాడతాడా, అలవాటుపడ్డ ఒంటికి మామూలు మోతాదు చాలదు అన్నాడు. నాకు బాగా అర్థమైంది.

"లేదు సాబ్, మనిషే జర నాజూకు" అన్నాను.

ఎందుకన్నాను? పోలీసుల భయమా? అలా సర్దిచెప్పుకోవాలని చాలాసార్లు చూశాను. కాదు. ఆ ఇనుప మనిషి ఏడిస్తే వినాలనిపించింది. మెస్సువాళ్లు వీడియో కాల్ చేస్తే వాళ్లూ చూడాలని ఫోను అతని మొహం ముందు పట్టాను. ఎవరూ నవ్వలేదు. కళ్లు తుడుచుకున్నారు. ఆ కన్నీళ్లు కూడా అతనికే దక్కాయని మళ్లీ కుళ్లుకున్నాను.

మర్నాడు గోళీలు అందక వణుకుతూ, చెమటలు కక్కుతూ, అతనే డాక్టరుకు చెప్పేశాడు. మందు మార్చారు. నొప్పి తగ్గాక నన్ను పిలిచాడు.

"నువ్వు చెప్పినా ఆళ్లు ఇనలేదా అన్నా?"

"కాళ్లు మొక్కిన తమ్మీ. ఇంటేనా!"

నమ్మాడు. ఈరోజుకీ కొత్తగా పనిలో చేరినవాళ్లకు, తన కోసం డాక్టరు కాళ్లు మొక్కిన అన్నంటూ నన్ను చూపిస్తాడు. వాళ్లు ఊపిరి బిగబట్టి వింటారు. నా కట్టుకథే, అయినా అతని నోట్లో ఎంత బాగా పండుతుంది! అప్పుడూ కుళ్లే.

మొక్కలేదు. డాక్టరు అడిగితే గోళీల అలవాటే లేదన్నాను. అతనికి ఈ మాట చెప్పగలనో లేదో తెలియదు. మీకు చెప్పాను. కొంచెం ఊపిరి ఆడుతోంది.