నావ అడుగున కుంచె గీతలు

మొన్న మా గని క్వార్టర్ల తలుపులకు రంగు వేయడానికి మనుషులు వచ్చారు. అవిసె నూనె వాసన లోపలికి రాగానే చేతిలో చాయ్ గ్లాసుతోనే వాకిట్లోకి నడిచాను. ముందురోజు వాన పడింది. రంగు వేసే అతను కుంచె ముంచి ఎత్తేలోగా తలుపు మీద అరచేయి ఆనించాను. చల్లగా తగిలింది. "జర ఆగు తమ్మీ, ఎండనీ" అన్నాను. "మీరు గూడ పెయింటరేనా సార్?" అని నవ్వాడు. నేను పెయింటర్ని కాను. పదిహేనేళ్ల కింద గోదావరి మీద నావ నడిపినవాణ్ని. ఆ పని నేర్పిన ఓదెలు కాక గురించి మా రేవు చుట్టుపక్కల ఊళ్లలో ఇప్పటికీ ఒక తప్పు మాట నడుస్తోంది. ముసలితనంలో ఆయన చెయ్యి తప్పిందనీ, అందుకే నావ మునిగిందనీ అంటారు. అది నిజం కాదని తెలిసినవాణ్ని నేనొక్కణ్నే మిగిలాను.

ఓదెలు కాక నాకు చుట్టం కాదు. మా బాపు పోయాక నా చేతికి నావ తోసే గెడ ఇచ్చి, మంచిర్యాలకు ఎగువన ఉన్న ఆ చిన్న రేవులో నన్ను నిలబెట్టింది ఆయనే. ఏటా ఎండాకాలం గోదావరి సన్నబడి ఇసుక తేలగానే నావను బోర్లించేవాడు. పాత పూత గీకి, పలకల సందుల్లో నార కూరి, కాగిన అవిసె నూనెలో గుగ్గిలం కరిగించి, బొగ్గుపొడి కలిపి, గోరువెచ్చగా ఉండగా అడుగంతా తానొక్కడే పూసేవాడు. కుంచె ముట్టేవాడు కాదు. ముందు ఖాళీ అరచేయి పలక మీద ఆనించి కాసేపు ఉంచి, ఆ తర్వాతే పూతలో చెయ్యి ముంచేవాడు.

"కుంచె అయితే జల్ది అయితది గదా కాకా?" అన్నాను ఒకసారి.

"కుంచెకేం ఎరుక? చెయ్యికి ఎరుకైతది. పలక సల్లగుంటే లోపట తడి ఉన్నట్టు. గా తడి మీద పూస్తే నీళ్లను లోపటేసి తలుపు పెట్టినట్టే. కర్ర లోపట్నుంచి కుళ్లుతది. మీదికి నల్లగ నిగనిగలాడుతనే ఉంటది."

నిజాం రాజ్యం పోయిన నాలుగైదేళ్లకు నేను సొంతంగా నావ చేయించుకున్నాను. మంచిర్యాల బజారు నుంచి డబ్బా రంగు తెచ్చి, కుంచెతో రెండు రోజుల్లో పచ్చగా మెరిపించాను. ఆయన నావ దాని పక్కన కాలిన మూకుడులా ఉండేది. అయినా జనం దానికోసమే ఆగేవారు. పెళ్లికూతుళ్లు, బాలింతలు ఆయన నావలోనే దాటడం ఆ రేవులో ఆనవాయితీ. నా నావ ఖాళీగా ఊగుతుండగా ఒక పెళ్లివారు మండే ఎండలో ఇసుక మీద కూర్చుని ఆయన ఆవలి ఒడ్డు నుంచి వచ్చేదాకా ఎదురుచూశారు. నేను పిలిస్తే పెళ్లికూతురు మేనత్త పకపకా నవ్వింది. "నీ పచ్చ నావ సూపులకు మంచిగనే ఉన్నది గాని రాజం, మా పిల్ల అత్తగారింటికి పోవాలె, గోదారి అడుగుకు కాదు!" అందరూ నవ్వారు. ఒడ్డుకు చేరిన కాక కూడా నవ్వాడు. ఆ నవ్వులో ఎగతాళి లేదని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం నాలుగు రోజులు అన్నం సహించలేదు. ఆయన నాకు అన్నీ నేర్పాడు కాని, ఆయన మీద జనానికున్న నమ్మకం నాకు రాలేదు. అది ఆయన దాచుకున్న సొత్తయినట్టు మండిపోయాను.

మరుసటి ఎండాకాలం పూత సగంలో ఉండగా కాకకు జ్వరం పట్టుకుంది. నన్ను పిలిపించాడు. "మిగిలిన సగం నువ్వు పూయి బిడ్డా. కడపటి మూడు పలకలు మొన్నటి వానకు తడిసినయ్. నాలుగు దినాలు ఎండనీ. చెయ్యి పెట్టి సూసినంకనే పూయి." ఇంకెవరినీ ఆ నావ అడుగు ముట్టనివ్వని మనిషి నన్ను నమ్మాడు. మరునాడే వెళ్లాను. అరచేయి ఆనించాను. రెండు పలకలు వెచ్చగా ఉన్నాయి, మూడోది చల్లగా ఉంది. చాలాసేపు చేయి తీయలేదు. పెళ్లికూతురి మేనత్త నవ్వు చెవుల్లో వినిపించింది. 'ఇది కారినా ఈ నావ కోసమే ఆగుతారేమో చూద్దాం' అనుకున్నాను. కుంచె తీసి మూడు పలకలూ పూసేశాను.

వానాకాలం నడిమిలో ఆ పలక విరిగింది. ఆవలి ఒడ్డు దగ్గర పడుతుండగా నావలోకి నీళ్లు ఎగదన్నాయి. ఒక బాలింత చేతిలోంచి పసిగుడ్డు జారింది. కాక దూకి, మునిగి, బిడ్డను పైకెత్తాడు. నేను పచ్చ నావ తీసుకెళ్లి అందరినీ ఎక్కించుకున్నాను. నావలోకి అందుకోగానే బిడ్డ ఏడ్చింది. ఒడ్డున జనం నా వీపు తట్టి మెచ్చుకున్నారు.

నావను ఇసుక మీదికి లాగాక కాక నన్ను మోకు తెమ్మని పంపాడు. తిరిగి వచ్చేసరికి ఒక్కడే కూర్చుని ఆ పలకను కత్తితో గీకుతున్నాడు. పూతలో కుంచె గీతలు సగం పోయాయి, సగం కనబడుతున్నాయి. కత్తి అంచుకు అంటిన కుంచె వెంట్రుకను వేలితో తీసి చూశాడు.

"సల్లగ లేకుండెనా?"

"ఉండె కాకా."

కాక మళ్లీ కత్తి ఎత్తాడు. మిగిలిన గీతలూ గీకేశాడు. "ఎవలతోని అనకు. మనిద్దరి మీద నమ్మకం పోతే గీ రేవుల జనాన్ని ఎవలు దాటిస్తరు?" జనం వచ్చి అడిగితే, "నా చెయ్యి తప్పింది" అన్నాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నోరు విప్పలేదు.

ఆ తర్వాత ఆయన నావ నీళ్లలోకి దిగలేదు. మాఘంలో మొదటి పెళ్లివారు నా నావ దగ్గరికి వచ్చారు. నేను కోరుకున్నది అదే. పెళ్లికూతురు ఎక్కుతుంటే నావ కదలకుండా మోకు పట్టుకున్నది ఓదెలు కాక. "పైలం రాజం, పిల్లతోని పోతున్నవ్" అన్నాడు. మరుసటి ఏడు ఆయన పోయాడు. నేను నావ అమ్మేసి గనిలో చేరాను.

మూడో రోజు రంగు వేసే అతను మళ్లీ వచ్చి, "ఇప్పుడన్న ఎండిందా సార్?" అని అడిగాడు. తలుపు మీద అరచేయి పెట్టి కాసేపు ఉంచాను. ఓదెలు కాక చెయ్యి ఎన్నడూ తప్పలేదు. ఆ రోజు నా చెయ్యి కూడా తప్పలేదు. పలక చల్లగా ఉందని అది నాకు చెప్పింది. విన్నాను. విన్నాకనే పూశాను.