పగ్గాల బండి

నా చిన్నప్పుడు మా మర్రిగూడ పిల్లలకు బేరింగు బండ్ల పిచ్చి పట్టింది. లారీ మెకానిక్ పారేసిన బేరింగులు మూడు దొరికితే చాలు, వాటి మీద ఒక చెక్క కొట్టి, గుట్ట మీది నుంచి దిగే రోడ్డున గరగరమని జారడమే. ఆ చప్పుడుకు ముసలివాళ్లు తిట్టిపోసేవారు. ఎవరు విన్నారు గనుక! బండి ముందు చక్రానికి అడ్డంగా ఒక కర్ర ఉండేది. దాని మీద కాళ్లు పెట్టి తన్నితే బండి మలుపు తిరిగేది.

మా అన్నకు కుదరనిది అదే. మోకాళ్ల దగ్గర కాళ్లు వంకరపోయి, బిగుసుకుపోయాయి. పందెం రోజున బండి తీసుకుని బయలుదేరితే పిల్లలు నవ్వారు.

"నీకెందుకురా పందెం? మలుపుకాడ పడి సస్తవ్."

అన్న ఇంటికి తిరిగొచ్చేశాడు. గడపలో కూర్చుని రోడ్డు వైపు చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది. మా బాపు మాత్రం కొట్టంలోకి వెళ్లి ఎడ్ల పగ్గాలు తెచ్చి, ఆ అడ్డకర్ర రెండు కొసలకూ కట్టి, అన్న చేతుల్లో పెట్టాడు.

"బండి తోలేది కాళ్లతోని గాదు బిడ్డా, చేతులతోని. నేను తోలుతలేనా?"

లంగా ఎగదోపుకుని వెనక నుంచి నెట్టింది నేనే. మలుపు దగ్గర మిగిలిన బండ్లు ఒకదానికొకటి గుద్దుకున్నాయి. అన్న ఎడ్లను అదిలించినట్టు "హోయ్, హోయ్" అంటూ పగ్గం లాగి తప్పించుకుని, అందరికంటే ముందు కిందికి చేరాడు. అబ్బ, ఏం నవ్వు అది! అంత నవ్వు అన్న ముఖంలో మళ్లీ చూడలేదు నేను.

బాపు వాణ్ణి భుజాన ఎత్తుకుని వీధి బోరింగు దగ్గరికి తీసుకుపోయాడు. తానే కొట్టి, దోసిట పట్టి తాపాడు.

"తాగు బిడ్డా. ఇంకింత తాగు, బలమొస్తది."

ఆ బలమే మా కొంప ముంచింది. బాయి నీళ్లు మురికివని మానిపించి, కొడుకు కాళ్లు బాగుపడాలని, బాపు మా అందరికన్నా అన్నకే ఆ నీళ్లు ఎక్కువ తాపేవాడు. కాళ్లను తినేసింది ఆ నీళ్లలోని ఫ్లోరైడేనని మాకేం తెలుసు? ఎన్నో ఏళ్లకు ఎవరో వచ్చి పరీక్ష చేసి, ఈ నీళ్లు తాగొద్దని బోరింగుకు ఎర్రరంగు పూసి పోయారు. అప్పటికి అన్న చేతులు కూడా బిగుసుకున్నాయి. ముద్ద నోటికి అందక అమ్మ తినిపించేది. పెళ్లీడు దాటకముందే పోయాడు.

బాపు ఆ ఎర్రరంగు బోరింగు నీళ్లే తాను పోయేదాకా తాగాడు. నేను బిందెలు దాచాను, కొట్లాడాను, అరిచాను.

"తెల్వక తాపినవు బాపూ, నీ తప్పేముంది?" అంటే ఒకటే మాట.

"నా చేతులతోనే తాపిన గదా."



తెలంగాణ వచ్చాక మా ఇంట్లోకే నల్లా వచ్చింది. కృష్ణ నీళ్లు, మంచివే అంటారు. నమ్ముతాను. అయినా మనవరాలికి గ్లాసు అందించబోతే నా చేయి ఆగిపోతుంది.

"ఇయ్యవేందవ్వా, దూపయితాంది" అంటుంది పిల్ల.

ఇస్తాను. అది తాగడం అయ్యేదాకా దాని ముఖమే చూస్తూ నిలబడతాను.