తేడాల మాస్టారు

మా అమ్మ అన్నయ్యను, అంటే మా మామయ్యను, ఆఫీసులో అందరూ తేడాల మాస్టారు అంటారు. పాత నిబంధనల పుస్తకాన్నీ, కమిటీ సవరించిన కొత్తదాన్నీ పోల్చి, ఎక్కడ ఏం మారిందో జాబితా రాసి సంతకం పెట్టడం ఆయన పని. ఒక గుమాస్తా పాతదాన్ని కామాలు, ఫుల్‌స్టాపులతో సహా పైకి చదువుతుంటే, ఈయన కొత్తదాని మీద స్కేలు జరుపుకుంటూ చూస్తాడు. ఇరవై రెండేళ్లయినా ఆయనది ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగమే. చూడకుండా ఒక్క సంతకం పెట్టి ఎరగడు, పిచ్చి మారాజు!

ఈసారి గుమాస్తాను ఎక్కడికో మార్చేశారు. సోమవారానికల్లా జాబితా ఇవ్వకపోతే పొడిగింపు లేదన్నాడు ఆఫీసరు. దాంతో ఆదివారం పొద్దున్నే రెండు పుస్తకాల ఫైళ్లూ ఉన్న పెన్‌డ్రైవు పట్టుకుని మా ఇంట్లో ఊడిపడ్డాడు.

"ఏమే, రెండు ఫైళ్లు పోల్చేదేదో ఉందన్నావుగా, అది పెట్టు."

ల్యాప్‌టాప్‌లో నల్ల తెర తెరిచి, డిఫ్ అనే టూల్ కావాలని ప్యాకేజీ మేనేజర్ అనే ప్రోగ్రాముకు ఒక్క లైను టైపు చేశాను. టూల్‌నూ, దానికి కావలసిన సరంజామానూ అదే తెచ్చి సర్దేసింది.

"అర్జీ లేదు, సిఫారసు లేదు, అడగ్గానే ఇచ్చేసిందా! ఇదేం మేనేజరే!"

డిఫ్ అని కొట్టి, రెండు ఫైళ్ల పేర్లూ ఇచ్చి ఎంటర్ నొక్కాను. తెర మీద ఒక్క ముక్క రాలేదు.

"పనిలో ఉన్నట్టుంది, కదిలించకు" అన్నాడు మామయ్య.

"అయిపోయింది మామయ్యా."

"అయిపోతే జాబితా ఏదే? సరిగ్గా ఎక్కలేదేమో, తీసేసి మళ్లీ పెట్టు."

తీసేసి మళ్లీ పెట్టాను. మళ్లీ అదే మౌనం. తేడా లేకపోతే అది నోరు విప్పదు మొర్రో అంటే నమ్మడే! ఆయన ఆఫీసులో ఏ పనీ చేయనివాడు కూడా నాలుగు పేజీల నివేదిక ఇస్తాడాయె. చివరికి ఒక కాపీలో కామా చెరిపి చూపించాను. లైను నంబరుతో సహా ఠక్కున పట్టేసింది. మామయ్య మొహం పాలిపోయింది.

"అంటే... కమిటీలో పదకొండు మంది, ఎనిమిది నెలలు, గెస్ట్‌హౌస్‌లో కూర్చుని..."

"అట్ట రంగు మార్చారుగా మామయ్యా!"

అయినా వదల్లేదు. నూటపది పేజీలూ సాయంత్రం దాకా నాచేత పైకి చదివించాడు. నా గొంతు పోయింది గానీ తేడా మాత్రం దొరకలేదు.

సోమవారం 'తేడాలు లేవు' అని రాసి, సంతకం పెట్టి ఇచ్చాడు. ఆఫీసరు ఇంతెత్తున ఎగిరాడట.

"లేకపోవడమేంటండీ? ఓ నలభయ్యో యాభయ్యో రాసుకురండి. మీ పొడిగింపు కాగితం ఇదిగో, నా చేతిలోనే ఉంది."

"లేనివి ఎలా రాయనండీ? కంప్యూటర్‌లో టూల్ పెట్టి పోల్చినా ఒక్కటీ రాలేదు."

"అయితే మీరెందుకు? ఆ టూలే పెట్టుకుంటాం."

"పెట్టుకోండి సార్. అదీ ఇదే చెబుతుంది. నేను కనీసం నమస్కారం పెట్టి చెప్పాను."

నెలాఖరుకు మామయ్య ఉద్యోగం ఊడింది. టూల్‌నూ పెట్టుకోలేదు. అలాంటివేవీ ఇన్‌స్టాల్ చేయరాదని సర్క్యులర్ వేశారు. ఆ సీట్లోకి కమిటీ అధ్యక్షుడి బావమరిది వచ్చి, ఒక్క పూటలో యాభై ఏడు తేడాలు కనిపెట్టాడు. వాడి తెలివి తగలెయ్య!

మామయ్య ఇప్పటికీ రోజూ పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఎటు వెళ్లాలో తెలియక గుమ్మంలో నిలబడుతున్నాడు. చూస్తే నాకు ఏడుపొస్తోంది.