ముగ్గు తొక్కని బూటు

నా చిన్నప్పుడు మేమున్న చోటిని ఊరని చెప్పుకోవడానికి నాకు నోరు వచ్చేది కాదు. జార్జియాలో ఒక సన్నపాటి రోడ్డు పక్కన రెండు పంపుల గ్యాస్ స్టేషన్, లోపల నాన్న నడిపే చిన్న స్టోరు, వెనక మా ఇల్లు. రోడ్డుకి అవతల పచ్చిక, దాని మీద గుండ్రంగా చుట్టి వదిలేసిన గడ్డి మోపులు, వాటి మధ్య ఆవులు. అంతే. తెలుగువాళ్ళని చూడాలంటే ఆదివారం గంటన్నర కారులో కూచుని కమ్మింగ్ అనే టౌనుకి వెళ్ళాలి. అక్కడ ఒక ఆంటీ తన బేస్‌మెంట్‌లో మాకు తెలుగు నేర్పేది.

మాది రెండువైపులా కొట్లు నడిపిన వంశం. నాన్నవైపు కిరాణా, అమ్మవైపు ఫోటో స్టూడియో. నాకు నడక కంటే ముందు బేరం వచ్చిందనీ, పాలు తాగడానికి కూడా కొసరు అడిగేదాన్ననీ అమ్మ అంటుంది. అంత గడుసుదాన్ని నేను మోసపోయిన సంగతి ఇది. మోసం మొదలుపెట్టింది నేనే కనక ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పుకోలేదు.

నాకు పదకొండేళ్ళప్పుడు, రెండువేల మూడు వేసవిలో, ఆంటీ మాకో పోటీ పెట్టింది. ‘మా ఊరు’ అని ఒక్క ఫోటో తెచ్చివ్వాలి. బాగున్నది మా క్లాసు పత్రిక అట్ట మీద వేస్తారు. మిగతా పిల్లలకి ఫౌంటెన్లున్నాయి, పెద్ద లైబ్రరీ ఉంది, మాల్ ఉంది. నాకు ఆవులున్నాయి. వాళ్ళు నన్ను ‘కౌ గర్ల్’ అని పిలిచేవాళ్ళు. అలా పిలిచే ప్రతివాళ్ళ ఇంట్లోనూ టీపాయ్ మీద నా ఫోటో పడి ఉండాలని నా కోరిక. అన్నం సయించనంత కోరిక.

ఆ వేసవిలోనే అమ్మ వాళ్ళ నాన్న, మా తాతయ్య, ఆర్నెల్లు ఉండడానికి వచ్చాడు. తెనాలి బజారులో నలభై ఏళ్ళు స్టూడియో నడిపిన మనిషి. ఆయన స్టూడియోలో గోడకి మూడు తెరలుండేవట. ఒకదాని మీద కొండలూ చెరువూ, ఒకదాని మీద పూలతోట, మూడోదాని మీద మెట్లున్న మేడ. సైకిలు కూడా లేనివాడు వచ్చి మేడ మెట్ల ముందు నిలబడి ఫోటో తీయించుకుని పెళ్ళిసంబంధానికి పంపేవాడని తాతయ్య చెప్పి నవ్వేవాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వులో నాకు అందాల్సింది ఒకటుందని అప్పుడు తెలియలేదు.

“ఇక్కడ తియ్యడానికేం లేదు తాతయ్యా,” అని ఏడుపు మొహం పెట్టాను. ఆయన తన పాత కెమెరా, ఇరవైనాలుగు ఫోటోల రీలు ఒకటి చేతిలో పెట్టి, కౌంటరు వెనకున్న ఎత్తు స్టూలు తెచ్చి స్టోరు బయట వేశాడు. షరతు ఒక్కటే. ఇరవైనాలుగూ ఆ స్టూలు మీద నుంచే తియ్యాలి, రోజుకి ఒకటే. నేను రోజుకి నాలుగన్నాను. స్టూలుకి చక్రాలు పెట్టమన్నాను. ఆయన దేనికీ దిగలేదు. “మేం మనిషిని కూచోబెట్టి వెలుతురు కోసం చూసేవాళ్ళం అమ్మడూ. నువ్వే కూచో. మనుషులు వాళ్ళే వస్తారు,” అన్నాడు.

మొదటి రోజు మధ్యాహ్నం దాకా కూచుని, విసుగుతో ఒక ఆవుని తీశాను. రెండో రోజు పికప్ ట్రక్కులోంచి ఒక కుక్క స్టోరు బయటున్న ఐసు పెట్టె అద్దంలో తనని తాను చూసుకుని తోకాడించింది. తీశాను. మూడో రోజు సాయంత్రం గడ్డి మోపుల నీడలు సాగి సాగి రోడ్డు దాటి మా పంపుల దాకా వచ్చాయి. రోజూ వచ్చేవే. నేనే అంతకుముందు చూడలేదు. తీశాను. నాలుగో రోజు శుక్రవారం. అమ్మ ప్రతి శుక్రవారం స్టోరు గుమ్మం ముందు సిమెంటు మీద బియ్యప్పిండితో ముగ్గు పెట్టేది, నైటీ మీద నాన్న జాకెట్ తొడుక్కుని. ఆ పొద్దున ఆమె ఇంకా వంగుని ఉండగానే, కాఫీ పట్టుకుని బయటికొచ్చిన ట్రక్కు డ్రైవరు గభాల్న ఆగి, ఇంత లావు బూటు గాల్లోకి ఎత్తి, ముగ్గు తొక్కకుండా దాటాడు. అమ్మ తలెత్తి నవ్వింది. బూటు ఇంకా గాల్లోనే ఉంది. నొక్కాను.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు. ఆ శనివారం ఆంటీ పిల్లలందరినీ అట్లాంటా తీసుకెళ్ళింది. నేను కెమెరా సంచీలో దాచి పట్టుకెళ్ళి, మిగిలిన ఇరవై ఫోటోలూ ఒక్క మధ్యాహ్నంలో కొట్టేశాను. అద్దాల మేడలు, ఫౌంటెను, మళ్ళీ అద్దాల మేడలు. రీలు తాతయ్యకి ఇస్తూ, “అన్నీ స్టూల్ మీదే తీశా,” అన్నాను. వారంలో ఇరవైనాలుగు రోజులు ఎలా పట్టాయని ఆయన అడగలేదు. అడగనప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

నాన్నతో టౌనుకెళ్ళి కడిగించిన ఫోటోలు తెచ్చింది తాతయ్యే. నా చేతిలో నాలుగే పెట్టాడు. నాలుగు బొమ్మల నెగెటివ్ ముక్క ఒకటి. “మిగతాదంతా వెలుతురు తాగేసింది అమ్మడూ. పాత కెమెరా కదా,” అన్నాడు. నెగెటివ్‌లు నాలుగేసి చొప్పున ముక్కలు కోసి ఇస్తారని, ఇంకో అయిదు ముక్కలుండాలని నాకు తట్టనే లేదు. కొట్లో పుట్టి, సరుకు సరిచూసుకోకుండా తీసుకున్న మొదటి మనిషిని మా వంశంలో నేనే అయ్యుంటాను.

గతిలేక ముగ్గు ఫోటో ఇచ్చాను. అదే అట్ట మీదికి ఎక్కింది. ఆంటీ దాన్ని చేత్తో పట్టుకుని చాలాసేపు చూసింది. ఆ తర్వాత నన్నెవరూ కౌ గర్ల్ అనలేదు. తాతయ్య మీద నాకు పుట్టిన భక్తి ఇంతా అంతా కాదు. సాయంత్రమైతే ఇద్దరం స్టూలు దగ్గర కూచుని నీడల కోసం చూసేవాళ్ళం.

ఆయన వెళ్ళే ముందురోజు పెట్టె సర్దడానికి సాయం చేస్తున్నాను. పంచె మడతలోంచి ఒక కవరు జారింది. ఇరవై ఫోటోలు, అయిదు నెగెటివ్ ముక్కలు. ఒక్కటి కూడా చెడలేదు.

“తాతయ్యా, ఇవేంటి? వెలుతురు తాగేసిందన్నావ్ కదా!”

“నువ్వు స్టూలు మీదే తీశానన్లా?”

అబద్ధానికి అబద్ధం, చెల్లు. అక్కడికి నేను కూడా ఒప్పుకునేదాన్నే. “మరి పడెయ్యొచ్చు కదా? ఊరికెందుకు తీసుకెళ్తున్నావ్?” అన్నాను.

ఆయన పంచె మళ్ళీ మడతపెట్టడం మొదలుపెట్టాడు. “అక్కడ బజారులో అడుగుతారమ్మా. అమెరికా చూపించమంటారు.”

“ఇది అమెరికా కాదా?”

ఆయన ఫోటోలన్నీ ఏరి కట్టగా సర్దాడు. నా కళ్ళనిండా నీళ్ళు, అయినా బేరం వదల్లేదు. ముగ్గు ఫోటో తెచ్చి ఆ కట్ట పైన పెట్టి, అందరికీ ముందు ఇదే చూపిస్తానని నా తల మీద చెయ్యి పెట్టించుకున్నాను. పెట్టాడు. “నీ మీదొట్టు,” అన్నాడు.

మరుసటి ఏడాది తాతయ్య వాళ్ళ వీధి అబ్బాయి ఒకతను ఎమ్మెస్ చదవడానికి అట్లాంటా వచ్చి, మమ్మల్ని చూడ్డానికి వచ్చాడు. కారు దిగి పంపుల వంకా, స్టోరు వంకా చూసి అమ్మని అడిగాడు.

“ఇదేంటక్కా, బావగారి ఆఫీసు ఇక్కడ కాదు కదా? మీ నాన్నగారు ఫోటో చూపించారు. అద్దాల బిల్డింగు, పైన కోసుగా ఉంటది!”

అది నేను తీసిన ఫోటో. ముగ్గు ఫోటో చూపించలేదా అని అడిగాను. “ముగ్గా? లేదే,” అన్నాడు అమాయకంగా. అమ్మ అతనికి కాఫీ కలుపుతోంది. చెంచా ఒక్క క్షణం ఆగింది. “తాగు బాబూ, చల్లారిపోతుంది,” అంది.

ఆ శుక్రవారం ముగ్గుగిన్నె పట్టుకుని వచ్చినప్పుడు అమ్మ పట్టుచీరలో ఉంది. తల దువ్వుకుని పువ్వు కూడా పెట్టుకుంది. ముగ్గేసి, పంపులు కనపడకుండా గోడవైపు నిలబడి, “ఇప్పుడు తియ్యవే. మీ తాతయ్యకి పంపుదాం,” అంది. తీశాను. బిగుసుకుపోయి, తెర ముందు నిలబెట్టిన మనిషిలా వచ్చింది. ఆ ఫోటో తాతయ్య బజారంతా చూపించాడట.

ఆయన మీద నాకు కోపం ఇంకా పోలేదు. పోవాలని కూడా లేదు. కాలేజీలో ఎవరైనా మీదే ఊరని అడిగితే, నాలుగేళ్ళూ ‘అట్లాంటా’ అనే చెప్పాను కనక ఆ కోపంలో సగం వాటా నాది కూడా. ఇప్పుడు నేనుండే ఆష్‌బర్న్‌లో మా వీధి పిల్లలు ఫోటోలు నేర్పమని వచ్చి, “హియర్ ఏముంది ఆంటీ తియ్యడానికి?” అంటారు. కిటికీల్లేని డేటా సెంటర్ల ఎదురుగా ఒక స్టూలు వేసి కూచోబెడతాను. తాతయ్య నేర్పిన విద్యలో నేను పంచేది అంతవరకే.

మా హాల్లో గోడకున్నది నైటీ ఫోటోనే. పట్టుచీర ఫోటో నెగెటివ్ నా దగ్గరుంది, మళ్ళీ ఎప్పుడూ కడిగించలేదు. కానీ ఈనాటికీ ఎవరి ముందు కెమెరా ఎత్తినా, నొక్కే ముందు ఒక్కసారి వేలు ఆగిపోతుంది. ఎదురుగా ఉన్న మనిషి ఎవరి కళ్ళ కోసం బట్టలు మార్చుకుని వచ్చిందో అని చూస్తాను.