దసరా బొట్ల సర్వర్

నాచారంలో షుగర్ మాత్రలు కొంటే ఫోన్‌లో డబ్బు పోలేదు. "గా బ్యాంకోళ్లయి పొద్దుగాల సంది పోతలేవు సార్," అన్నాడు షాపతను. పదేళ్ల కిందట నేను రిటైరైన చిన్న సహకార బ్యాంకే అది. తిన్నగా ఉప్పల్ ఆఫీసుకు వెళ్లాను. కంప్యూటర్ గదిలో, మా రోజుల్లో ప్రతి దసరాకూ బొట్టు పెట్టిన సర్వరే ఇంకా రొప్పుతోంది. ఈ డొక్కును ఇన్నాళ్లూ ఎందుకు మార్చలేదని ఆఫీసరమ్మ మీద ఒంటికాలి మీద లేచాను.

"ఆపితే మళ్ల లేస్తదో లేదోనని భయం సార్. గీ కాయితం జూసి ఎవ్వరం ముట్టలే," అందామె.

కుంకుమ మరకల కింద అంటించిన కాగితం చదివాను. "కొత్తది వచ్చే నెల వస్తుంది. అప్పటిదాకా ఆపవద్దు."

ఆ చేతిరాత నాదే.