పైపు సారు ఇల్లు కడిగిన వైనం

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. వీధిలో మాత్రం దాన్ని వాడినవాళ్ళు లేరు. బస్సు డిపోలో బస్సులు కడిగే షెడ్డుకి సూపర్‌వైజరుగా చేరి, నీళ్ళ పైపు చేతిలోంచి దించకుండానే జుట్టు నెరిసి, చివరికి పైపు సారుగానే రిటైరయ్యాడు. షెడ్డులోకి బురద కొట్టుకుని వచ్చిన బస్సు, అవతలి గుమ్మంలోంచి అద్దంలా బయటికి వెళ్ళేదని ఆయనే చెప్పుకునేవాడు. నిజమే కావచ్చు. బస్సు అంటే రేకు. రేకుని ఎంత కొట్టినా నోరెత్తదు. ఆ కొలువులో ఉండి ఉండి, లోకాన్నంతా దేవుడు రేకుతోనే చేశాడన్న నమ్మకం ఆయనకు కుదిరిపోయింది.

రిటైరయ్యాక అసలు చిక్కు మొదలైంది. డిపోలో ఆయన దగ్గితే నలుగురు పరిగెత్తుకొచ్చేవారు. ఇంట్లో దగ్గితే మందు తాగమనేవారు. ఆ మందు తాగమనే మనిషి కూడా తలెత్తి చూడకుండానే చెప్పేది, ఎందుకంటే ఆమె చేతిలో ఎప్పుడూ ఎవరిదో ఒకరి బట్ట ఉండేది.

ఆమె ఆయన భార్య, టైలరు. ఇంటి ముందుగది ఆమెది. ఆ గది ఊరికే రాలేదు. కాపురానికి వచ్చిన కొత్తలో కుట్టు మిషను వంటింటి మూలన ఉండేది. అక్కడ నూనె మరకలు పడుతున్నాయని వరండాలోకి, అక్కడ దుమ్మని మంచం పక్కకి, అక్కడ చప్పుడుకి సారువారి నిద్ర చెడుతోందని ఇంకో చోటికి జరుపుకుంటూ జరుపుకుంటూ, తల సగం పండాక ముందుగదికి చేరింది. వీధివైపు గోడకి ఆనించి మిషను, కిటికీ కింద కత్తిరింపు బల్ల, గోడకి వరసగా మేకులు, మేకులకి కుట్టి వేలాడదీసిన బట్టలు. ఇంట్లో తనదని చెప్పుకోవడానికి ఆమెకు ఉన్నది ఆ గది ఒక్కటే.

ఆ వీధివైపు గోడ పూత లేని పాత ఎర్ర ఇటుకది. ఇటుకల మధ్య సున్నం. బయటి ముఖాన నాచు నల్లగా పట్టి ఉండేది. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు, పైపు సారుకి తప్ప.

ఒకరోజు ఆయన నీళ్ళని జోరుగా చిమ్మే, చక్రాల మీద నడిచే ప్రెషర్ మిషను ఒకటి కొనుక్కొచ్చాడు. ముందుగా వాకిట్లో సిమెంటు గచ్చు మీద ప్రయోగించాడు. ఏళ్ళ తరబడి పేరుకున్న జిడ్డు వదిలి గచ్చు తెల్లబడింది. ఎదురింటి గుమాస్తా గేటు దగ్గరికి వచ్చి, “అబ్బ, మీ చేతిలో ఏదో ఉంది సార్!” అన్నాడు. ఉన్నది చేతిలో కాదు, మిషనులో. కానీ పొగడ్త చెవిన పడ్డాక ఆ తేడా ఎవరికి కావాలి? ఆ క్షణాన ములగచెట్టు ఎక్కిన మనిషి మళ్ళీ దిగలేదు. ఇల్లంతా కడిగేస్తానని ప్రకటించాడు.

భార్య కత్తెర పక్కన పెట్టి బయటికి వచ్చింది.

“ఏవండీ, గచ్చు మొండిది కాబట్టి తట్టుకుంది. తలుపు చెక్క. పక్కగోడకి రంగు. నా గది గోడ పాత ఇటుక. పట్టుబట్టనీ గోనెపట్టానీ ఒకే బండకేసి బాదుతామా?”

“నాకు కడగడం నేర్పుతున్నావా?”

“నేర్పడం కాదు. రంగు గోడకి సబ్బునీళ్ళూ స్పాంజీ చాలు. తలుపుకి తడిగుడ్డ చాలు. కాదూ కూడదూ అంటే ముందు పెరటివైపు, ఎవరికీ కనపడని చోట, కాస్త కొట్టి చూడండి.”

“కనపడని చోట కడిగితే ఎవరు చూస్తారే?”

ఆ వీధిలో ఇల్లు కడిగేది మురికి పోవడానికి కాదని ఆమెకూ తెలుసు.

“సరే, మిగతావి మీ ఇష్టం. నా గది గోడ జోలికి మాత్రం వెళ్ళకండి. మెత్తటి బ్రష్షుతో నేనే చూసుకుంటాను.”

“సరేలే” అన్నాడాయన. మొగుళ్ళు అనే “సరేలే” విన్నానని చెప్పడానికి పనికొస్తుంది, అంతే.

ఆమె కుట్టిన బట్టలు ఇవ్వడానికి వెళ్ళగానే సారు రంగంలోకి దిగాడు. పరీక్ష చేశాడు, చేయలేదనకూడదు. వీధిలో పోయే ప్రతివాడికీ కనిపించేలా రంగు గోడ నట్టనడుమ చేశాడు. జంతికల పళ్ళెమంత మేర రంగు ఊడిపోయింది. ఆ మచ్చ బయటపడకూడదంటే గోడంతా అలాగే చేయాలి కాబట్టి గోడంతా అలాగే చేశాడు. తలుపు మీద కొడితే చెక్క పీచులు లేచి నిలబడ్డాయి. ఆరితే అణిగిపోతాయిలే అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. ఇక మిగిలింది ఒక్క ఇటుక గోడ. అన్నీ తెల్లబడ్డాక అదొక్కటే నల్లగా కనిపించేసరికి ఆయన చేతులు ఊరుకోలేదు.

దగ్గరగా వెళ్ళి సన్నధారతో కొట్టాడు. ఎర్రటి నీళ్ళు కాలువలోకి పారుతుంటే మురికి వదులుతోందని మురిసిపోయాడు. పారుతున్నది మురికి కాదు, ఇటుక. బట్టీలో కాలి గట్టిపడిన పైపొర లేచిపోతోంది. వెనకాలే తెల్లటి నీళ్ళూ వచ్చాయి, అది సున్నం. గుమాస్తా ఈసారి చప్పట్లే కొట్టాడు. వాడి సొమ్మేం పోయింది?

ఆమె తిరిగొచ్చి గోడ చూసింది. రెండు ఇటుకల మధ్య వేలు పెడితే సగం వేలు లోపలికి పోయింది. లోపలికి వెళ్ళి మేకులకున్న బట్టలన్నీ తీసి బల్ల మీద పెట్టింది. ఆమె మాట్లాడకపోవడం చూసి, నచ్చిందనుకున్నాడు పైపు సారు.

వాన వచ్చింది. తెరిచి పెట్టిన గోడ నీళ్ళన్నీ తాగి, తాగినవన్నీ లోపలికి కక్కింది. గోడవారన ఆమె ఆనకట్టలా పేర్చిన గోనెసంచుల్ని దాటి తడి బల్లదాకా పాకింది. ఎవరో నమ్మి ఇచ్చిన ఖరీదైన బట్టకి ఎర్రమరక అంటింది. ఆ ఇచ్చినావిడ ముందు టైలరమ్మ తలవంచుకుని నిలబడింది. ఇన్నేళ్ళలో ఆమె అలా నిలబడటం అదే మొదటిసారి. ఆ పక్కనే నిలుచుని సారు, “ఆ రోజుల్లో ఇటుకలు సరిగ్గా కాల్చలేదు, అదీ సంగతి” అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

మేస్త్రీ వచ్చి చూశాడు. సందులన్నీ గీకి మళ్ళీ సున్నం నింపాలన్నాడు, గోడ పూర్తిగా ఆరేదాకా గదిలో నూలుపోగు కూడా పెట్టొద్దన్నాడు. ఆమె వెనకవీధిలో చెప్పుల దుకాణం మీద చిన్న గది అద్దెకు తీసుకుని మిషనుతో సహా వెళ్ళింది. పొద్దున్నే వెళ్ళి, చీకటిపడేవేళకి వచ్చేది.

పైపు సారుకి అప్పుడు నిజంగానే గుచ్చుకుంది. ఇంట్లో కుట్టు మిషను చప్పుడు లేదు, దగ్గితే మందు తాగమనే గొంతూ లేదు. మేస్త్రీ పక్కన నిలబడి ఇటుకల మీది సున్నపు చారల్ని మెత్తటి బ్రష్షుతో తనే తుడిచాడు. గోడ ఆరిందని మేస్త్రీ చెప్పిన రోజున, అడిగినవాళ్ళు లేకపోయినా, లోపల గోడకి వరసగా కొత్త మేకులు కొట్టాడు. ఆమెకు శుభవార్త చెప్పాలని మొదటిసారి ఆ చెప్పుల దుకాణం మెట్లెక్కాడు.

గది ఇరుకు. గాలి మాత్రం బాగా వస్తోంది. ఆమె తలవంచి కుడుతోంది.

“గది ఆరిపోయింది. వచ్చెయ్” అన్నాడు.

“మంచిది.”

“లోపల మేకులు కూడా నేనే కొట్టేశాను, అన్నీ కొత్తవి.”

ఆమె మిషను ఆపింది.

“ఎక్కడ కొట్టాలో నన్ను అడిగారా?”

ఆమె పంటితో దారం తెంపి, బట్ట విదిలించి, దాన్ని పక్క మేకుకి తగిలించింది.

“ఆ గది మీరే ఉంచుకోండి. ఇక్కడ నన్నడక్కుండా ఎవరూ ఏదీ ముట్టుకోరు.”