దువ్వాడ నుంచి సమాధుల తోట దాకా

విశాఖపట్నం వెళ్లేవాళ్లు మామూలుగా సముద్రం చూడటానికి వెళ్తారు. నేను శనివారం వెళ్లి సోమవారం తిరిగొచ్చాను, సముద్రం వైపు కన్నెత్తి కూడా చూడలేదు. నేను వెళ్లింది మా బావ పికప్ బండికి ఒక రబ్బరు పైపు వేయించడానికి. ఇలాంటి పని మీద వైజాగ్ వెళ్లేవాళ్లు ఇంకెవరైనా ఉంటే వాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

మా అక్క భర్త దేవదానం బావ సబ్బవరం దగ్గర కొత్త కాలనీలో ఉంటాడు. ఒకప్పుడు స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు కింద పనిచేశాడు. అది మానేశాక డీజిల్ పికప్ కొనుక్కున్నాడు. వారమంతా కూరగాయలు, సిమెంటు, ఇళ్లు మారేవాళ్ల బీరువాలు తోలతాడు. వాళ్ల చర్చిలో ఎవరైనా పోతే మాత్రం ఆ రోజు ఇంకే కిరాయీ ఒప్పుకోడు. బండి శుభ్రంగా కడిగి, తొట్టికి తెల్లగుడ్డ కట్టి, బంతిపూలు చుట్టి, శవమున్న పెట్టె ఎక్కించుకుని నడక వేగంతో సమాధుల తోటకి తీసుకెళ్తాడు. అయినవాళ్లు బండి వెనక డోరు మీద చెయ్యి వేసి నడుస్తారు. మిగతావాళ్లు పాటలు పాడుకుంటూ వాళ్ల వెనక వస్తారు. తోట చేరేదాకా ఆ డోరు మీంచి చెయ్యి తీయకూడదని ఆ చర్చి వాళ్ల పట్టింపు. చెయ్యి తీస్తే మనిషిని దారిలో వదిలేసినట్టట.

ఆ బండి పోయిన నెల ఒక పెద్దాయన్ని తీసుకెళ్తూ ఎత్తు మీద లాగలేక గుర్రుమంది. సైలెన్సర్ నుంచి నీలంగా పొగ కమ్మేసరికి బావ భయపడి ఇంజిన్ ఆపేశాడు. జనం బండినీ పెట్టెనీ కలిపి తోసుకుంటూ వెళ్లారు. ఆ తలవంపు నుంచి బావ ఇంకా తేరుకోలేదు. దానికితోడు ఇంట్లో వాళ్లమ్మ రూతమ్మత్తకి ఊపిరితిత్తులు పాడైపోయాయి. ఇక ఇంట్లోనే పెట్టుకుని చూసుకోండని ఆస్పత్రి వాళ్లు పంపేశారు. ఆవిడ కొడుకుని కోరింది ఒక్కటే. తనని ఆ బండి మీదే తీసుకెళ్లాలి, దారిలో ఆగకూడదు.

"బావా, మీ షాపులో ఆయిల్ తగిల్నా మెత్తబడని పైపుంటాది గదా, అదట్టుకుని వచ్చీ. అమ్మకి ఎక్కువ రోజుల్లేవు," అని బావ ఫోన్ చేశాడు. అక్కడి మగాళ్లంతా ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు, బావమరిదినైనా, మెకానిక్‌నైనా. నేను రాజమండ్రిలో హోస్ పైపుల షాపులో కౌంటరు మీద కూర్చుంటాను. మంచి రకం చూసి, అవసరానికి మించి కాస్త పొడుగే కోయించుకున్నాను.

శనివారం పొద్దున్న తొమ్మిది దాటాక రైలు. జనరల్ పెట్టెలో చోటు దొరికింది గానీ పైపు చుట్టకి దొరకలేదు, ఒళ్లోనే పెట్టుకున్నాను. ఎదురుగా కూర్చున్న ఎలమంచిలి ఆవిడ సామర్లకోట దాకా దాన్నే చూసి, ఇక ఉండబట్టలేక అడిగింది.

"బోరుకాండీ?"

"కాదమ్మా, బండి ఇంజిన్‌లో గాలి పోయే దారికి."

"ఇంజిన్‌కి కూడా గాలి సేరుద్దేటండీ? మా ఆయనకీ అదే జబ్బు. మీ కాడ మనుసులకి ఏసే పైపుంటే సెప్పండి," అంది. పెట్టెలో ఆ వరసంతా నవ్వింది. ఆ ప్రయాణంలో నేను నవ్వింది అదొక్కసారే.

తుని దాటేసరికి ముసురు పట్టుకుంది. సబ్బవరం, గాజువాక వైపు పనున్నవాళ్లకి ఒక మాట. విశాఖ దాకా వెళ్లకండి, దువ్వాడలోనే దిగిపోండి. స్టేషన్ బయట సిగ్నల్ దగ్గర రైలు ఎంతసేపు నిలబడుతుందో దాన్ని నడిపేవాడికి కూడా తెలియదు. నేను దిగేసరికి మిట్టమధ్యాహ్నం అయింది, అయినా సాయంత్రంలా మసకగా ఉంది.

బావ బండి తెచ్చాడు. మనిషి సగమైపోయాడు. కేబిన్‌లో కూర్చోగానే కాలిన ఆయిల్ వాసన గొంతులో పట్టుకుంది.

"ఈ వాసనకే అమ్మ దగ్గీది. ఆస్పత్రికి అట్టుకెల్లినప్పుడల్లా దారి పొడుగునా దగ్గే. నోటికి కొంగడ్డం ఎట్టుకుని, ఏటీ పర్లేదురా అనీది," అన్నాడు బావ.

ఇంటికి వెళ్లకుండా తిన్నగా గాజువాక ఆటోనగర్‌కి పోనిచ్చాడు. అక్కడ అప్పలరాజు షెడ్డు. అతను భోజనానికి పోయాడంటే మేమూ పక్క హోటల్లో చేపల పులుసుతో భోంచేశాం. పులుసు బాగుంది. బావ మాత్రం అన్నం కెలికి వదిలేశాడు.

అప్పలరాజు వచ్చి ఇంజిన్ స్టార్ట్ చేయించాడు. ఆయిల్ పోసే మూత విప్పి, దాన్ని అక్కడే బోర్లించి వదిలేశాడు. మూత నిలవకుండా టకటకా ఎగిరింది. కిందనుంచి పొగ తన్నుకొస్తోంది.

"సూసినావా బావా, లోపల్నించి గేసు పైకి తన్నెత్తంది. బేక్ కంప్రెషన్. ఆ గేసు ఆయిల్ని ఎంటేసుకుని, ఇదిగో ఈ పైపులోంచి మల్లీ ఇంజిన్‌కి గాలి తోసే టర్బోలోకే ఎల్తంది. ఇంజిన్ ఒదిలీసిన ఊపిరి ఇంజినే పీల్సుకుంటంది. ఈ పైపు పగిలిపోయి ఉంది, అందికే కేబిన్‌లోకీ వాసన."

"ఆ రోజు ఎత్తు మీద నాను ఆపీడం తప్పంటావా?" అన్నాడు బావ.

"ఆపీసి మంచి పని సేసినావు. ఆ ఆయిల్ ఎక్కువైతే డీజిల్ లాగే మండుద్ది. అప్పుడు తాళం తీసీసినా ఇంజిన్ ఆగదు. అసలైతే ఇంజిన్ దింపాల, పిస్టన్ రింగులు మార్సాల. పది రోజులు బండి నా కాడ ఒదిలీ."

"పది రోజులు అమ్మ కాడ లేవు," అన్నాడు బావ.

అప్పలరాజు నా చేతిలో పైపు చుట్ట చూసి, "అయితే దారి మల్లించీద్దాం. టర్బోలోకి ఎల్లనీకుండా బయటికి ఒదిలీద్దాం. ఇది వైద్యం కాదు బావా, కొన్నాళ్లు నెట్టుకురాడానికే. పొల్యూషనోల్లు సూత్తే తిడతారు, అదీ సెప్తన్నాను," అన్నాడు.

చెప్పినంత తేలిగ్గానే పని మొదలైంది. ఇంజిన్ పై మూత నుంచి వచ్చే పాత పైపు ఊడదీశాడు. గాలి పైపులో అది కలిసే చోట బిరడా కొట్టి క్లిప్పు బిగించాడు. టర్బో నుంచి వచ్చే పైపులు విప్పి వంచితే నల్లటి ఆయిల్ డబ్బాలోకి జారింది. అన్నీ డీజిల్‌తో కడిగాడు. నా కొత్త పైపుని ఇంజిన్‌కి తొడిగి, సైలెన్సర్‌కి ఎడంగా, ఛాసీ వెంట క్లాంపులు వేస్తూ వెనక్కి లాగాడు. ఎక్కడా పొట్ట దిగకూడదని పడుకుని చూసుకున్నాడు. పొట్ట దిగితే అక్కడ నీరు చేరి పైపు మూసుకుపోతుందట. ఎవరైనా చేయించుకుంటే ఈ మాట గుర్తుంచుకోండి.

చివరికి కొస చేత్తో పట్టుకుని బండి కిందనుంచే అడిగాడు.

"ఎక్కడొదలమంటావు? గేర్‌బాక్సు కాడ ఒదిలీత్తే సాలు. అందరికీ అక్కడే సేత్తాను."

"వద్దొద్దు, కేబిన్‌లోకి వాసనొచ్చీద్ది. అమ్మ ముందు సీట్లో కూకోవాల. బాగా ఎనక్కి అట్టుకెల్లిపో," అన్నాడు బావ. నావైపు తిరిగి, "పైపు సాలుద్దా?" అన్నాడు.

"వెనక బంపరు దాకా వస్తుంది," అన్నాను. ముందుచూపుతో పొడుగు కోయించినందుకు నాకు గర్వంగానే ఉంది.

తిరిగొచ్చేటప్పుడు బావ బండిని సింహాచలం వైపు తిప్పాడు. ఎత్తు ఎక్కించి చూడాలని. కొండ కింద పూలమాలల షాపుల పక్కనుంచి వానలో పైకి పోనిచ్చాడు. బండి ఎక్కడా గుర్రుమనలేదు. కేబిన్‌లో తడి మట్టి వాసన తప్ప ఇంకేమీ లేదు. బావ నావైపు చూశాడు, కళ్లలో నీళ్లు. నేను అద్దం తుడిచాను.

ఆదివారం పొద్దున్న రూతమ్మత్త తనని బండి ఎక్కించమని పట్టుబట్టింది. అక్కా, బావా ఎత్తి ముందు సీట్లో కూర్చోబెట్టారు. తలుపు పక్కన నేను ఇరుక్కున్నాను. కాలనీ చుట్టూ మెల్లగా ఒక చుట్టు తిప్పాడు. ఆవిడ ఒక్కసారి కూడా దగ్గలేదు.

"ఆగదు గదరా?" అంది.

"ఆగదమ్మా."

"మరైతే నాకేటీ బెంగ లేదు. తోడు మీరందరూ ఎలాగూ ఉంటారు," అంది.

ఆ సాయంత్రం ప్రార్థన కోసం ఇంటికొచ్చిన పాస్టర్ గారు ఇంకా వెళ్లకముందే ఆవిడ ప్రభువునందు నిద్రించింది. వెళ్లిపోయే మనిషి మొహంలో అంత నిశ్చింత నేనెప్పుడూ చూడలేదు. మర్నాడు తిరుగు ప్రయాణం ఉందన్న సంగతి నాకు గుర్తే రాలేదు.

సోమవారం పది గంటలకి పెట్టె బండెక్కింది. ముసురు ఆగింది గానీ గాలి లేదు, ఆకు కదలడం లేదు. బావ స్టీరింగ్ ఎవరికీ ఇవ్వలేదు. నేనే తీసుకెళ్తానని అమ్మకి మాటిచ్చానన్నాడు. అక్కా నేనూ వెనక డోరు మీద చెయ్యి వేశాం. బావ చెల్లెలు మా మధ్యలో నిలబడింది. పాట ఎత్తుకున్నారు, బండి కదిలింది.

కాలనీ రోడ్డు దాటేదాకా బాగానే ఉంది. ఎత్తు మొదలయ్యాక మోకాళ్ల దగ్గర వెచ్చగా తగిలింది. వంగి చూశాను. బంపరు కిందనుంచి తెల్లగా, జిడ్డుగా పొగ. ఆ చెమ్మగాలిలో అది పైకి పోలేదు, మా నడుముల దాకా లేచి మాతోనే నడిచింది. నా పైపు కొసే అది. ఎన్ని పెట్టెలు మోసిన బండి! దాని వెనక మనుషులు నడుస్తారని షెడ్డులో ముగ్గురం ఉండి ఒక్కళ్లం తలుచుకోలేదు. ముందు సీట్లో కూర్చునే మనిషికి ఏది మంచిదో అది చేశాం, ఈ బండికి ఉన్న పని మర్చిపోయాం.

ముందు బావ చెల్లెలు దగ్గింది. కొంగు అడ్డం పెట్టుకుని ఇంకాస్త నడిచి, కళ్లు మండి పక్కకి తప్పుకుంది. వెనక పాట సన్నగిల్లింది. మొదటి వరస వెనక్కి తగ్గింది, దాన్ని చూసి రెండో వరస. బావ అద్దంలో జనం వెనకబడటం చూసినట్టున్నాడు. అలిసిపోయారనుకుని ఇంకా మెల్లగా పోనిచ్చాడు. మెల్లగా పోయిన కొద్దీ పొగ మా మీదే నిలబడింది. ముందుకెళ్లి అతనికి చెబుదామనుకున్నాను. చెబితే ఆపుతాడు. ఆగకూడదన్నది ఆవిడ కోరిన ఒకే ఒక్క కోరిక. నేను వెళ్లలేదు.

అక్క వాంతి చేసుకుని రోడ్డు పక్కన కూలబడింది. నేను ఆమె దగ్గరికి పోవాల్సి వచ్చింది. తలెత్తేసరికి పూలబండి ఒక్కటే ఎత్తు మీద పోతోంది, డోరు మీద ఒక్క చెయ్యి లేదు. ఎంతో నిదానంగా, ఎక్కడా ఆగకుండా రూతమ్మత్త తోటకి చేరింది. మేమంతా ఆ తర్వాత చేరాం.

మట్టి వేసేటప్పుడు ఎవరూ మమ్మల్ని తప్పుపట్టలేదు. ఆ చర్చివాళ్లు పెద్దమనసున్నవాళ్లు. ఒక ముసలాయన మాత్రం వెళ్తూ వెళ్తూ బండి వెనక డోరు మీద చెయ్యి వేసి, ఒక్క క్షణం నిలబడి వెళ్లాడు.

సాయంత్రం రైలుకి బావే నన్ను దువ్వాడ తీసుకొచ్చాడు. వద్దన్నా వినలేదు. ఇంజిన్ ఆపకుండానే దిగి, నా సంచి తియ్యడానికి వెనక్కి వెళ్లాడు. ఎంతకీ రాకపోతే నేనూ వెళ్లాను. డోరు పట్టుకుని పొగలో నిలబడి ఉన్నాడు. దగ్గుతున్నాడు గానీ కదలడం లేదు.

"అందికేనా?" అన్నాడు.

అబద్ధం చెప్పడానికి నాకు నోరు రాలేదు. "అందుకే బావా."

"ఎక్కడిదాకా ఉన్నారు?"

"ఎత్తులో సగం దాకా. ఆ తర్వాత ఎవరం లేం."

బావ కొంగు లేని ఆడదానిలా చేతుల్తోనే మొహం కప్పుకున్నాడు. "అద్దంలో మీరు కనపడకపోతే, అందుకుంటార్లే అని మెల్లగా పోనిచ్చినాను బావా. మెల్లగా పోనిచ్చినాను," అన్నాడు. మళ్లీ మళ్లీ అదే అన్నాడు. రైలొచ్చేదాకా పక్కన నిలబడ్డాను.

తుని దగ్గర పడుతుండగా ఫోన్ చేశాడు. వెనక సుత్తి చప్పుళ్లు వినిపిస్తున్నాయి, ఆటోనగర్‌లో ఉన్నాడు.

"పైపు కోయించీసినాను బావా. గేర్‌బాక్సు కాడే ఒదిలీమన్నాను."

"కేబిన్‌లోకి వాసన రాదూ?" అన్నాను, అలవాటు కొద్దీ.

"వత్తాది. ముందు సీట్లో దగ్గీవోల్లెవరున్నారు ఇంక?"

ఫోన్ పెట్టేశాడు. కిటికీ బయట చీకటి పడుతోంది, పొలాల్లో నీళ్లు నిలబడి ఉన్నాయి. ఎవరో టీ కావాలా అని అడిగితే తీసుకుని, తాగకుండానే కూర్చున్నాను. రేపు షాపులో అందరూ అడుగుతారు, పని బాగా జరిగిందా అని. బండి దారిలో ఎక్కడా ఆగలేదని చెబుతాను.